ఎల్సీ కొట్టుకి నేను బిగించిన కిటికీ

పాత ఇళ్ళలోకి చలిగాలి దూరకుండా సందులు పూడ్చడం నా వృత్తి. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి, కెనడాకి దిగువనున్న లూయిస్టన్‌లో అదే చేస్తున్నాను. ఇక్కడి చెక్క ఇళ్ళు చాలావరకు మిల్లు కూలీల కోసం మా తాతల కాలంలో కట్టినవి. మూడంతస్తులు, అంతస్తుకో వరండా, ప్రతి కిటికీలోంచీ ఈల వేసుకుంటూ వచ్చే గాలి. మేం గోడలకి బయటి నుంచి బెజ్జాలు కొట్టి లోపలికి కాగితం పొట్టు ఊదుతాం, అటక మీద అదే పరుస్తాం, కిటికీల అంచులకి పట్టీలు వేస్తాం. జనవరిలో ఏ ముసలమ్మైనా స్వెటర్ విప్పి కూర్చుందంటే అది మా చలవే.

అయితే ఆ ఇళ్ళకి వేసిన పాత రంగులో సీసం ఉంటుంది. రంగు గోడకి అంటుకుని ఉన్నంతసేపు ఎవరినీ ఏమీ అనదు. బెజ్జం కొట్టినా, గీకినా, కిటికీ ఎత్తి దించినా పిండిలా రాలుతుంది. ఆ పిండి పిల్లల చేతుల నుంచి నోట్లోకి, నోట్లోంచి రక్తంలోకి, అక్కడి నుంచి బుర్రలోకి పోతుంది. పెద్దవాళ్ళకీ మంచిది కాదు. "పెద్దవాళ్ళ బుర్రలో పాడవడానికి ఇంకేం మిగిలింది లెండి," అంటుంది మా ఆవిడ కోనీ. ఆ మాట నన్ను చూసే అంటుంది.

ఈ సీసం సంగతి కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఒక రోజంతా పాఠం చెప్పేది నేనే. ఆర్మాండ్ థెరియో క్లాసంటే కుర్రాళ్ళు కడుపునొప్పి అని సెలవు పెట్టేవాళ్ళు. పొడిగా గీకినవాడిని నిలబెట్టి దులిపేవాణ్ణి. ప్లాస్టిక్ పరవకుండా మేకు పీకినవాడిని ఇంటికి పంపేవాణ్ణి. ఒకసారి ఒకమ్మాయి, సోమాలీ అమ్మాయి, హోదాన్ వార్సమే అని, ప్లాస్టిక్ మీద నుంచి బూట్లతో ఒక్క అడుగు బయట పెట్టిందని పరీక్షలో ఫెయిల్ చేశాను. ఒక్కటే అడుగు. ఆ అడుగు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆఖరున మాత్రం అందరికీ గొంతు పెంచి ఒక మాట చెప్పేవాణ్ణి: "విప్పిన పాత కిటికీని ప్లాస్టిక్‌లో చుట్టాలి, టేపు వెయ్యాలి, డంపుకి పంపాలి. ఇంటికి మాత్రం పట్టుకెళ్ళకూడదు!"

గొంతు ఎందుకు పెంచేవాణ్ణంటే, పట్టుకెళ్ళినవాణ్ణి నేనే కాబట్టి.

దీనికి మా వంశాన్ని కొంత నిందించాలి. కెనడా నుంచి మిల్లు పనికి వచ్చిన మావాళ్ళు దేన్నీ పారెయ్యరు. చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు సరుకు వచ్చిన చెక్కపెట్టెలు బయట పడేస్తే మా నాన్న వాటితో ఏకంగా కారు షెడ్డే కట్టాడు. ఆ షెడ్డు లోపలి గోడల మీద ఇప్పటికీ చెప్పుల సైజులు చదువుకోవచ్చు. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి, మంచి దేవదారు చట్రాలతో, అలలు అలలుగా కనిపించే పాత గాజుతో ఆరు కిటికీలు ఒక ఇంటి నుంచి తీసి డంపుకి పంపమంటే ప్రాణం ఎలా ఒప్పుతుంది? ప్లాస్టిక్‌లో చుట్టాను. టేపు వేశాను. "ప్రమాదం, సీసం" అని నా చేత్తోనే రాశాను. తర్వాత నా ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

వాటితో సబాటస్ చెరువు కోసం ఒక గుడిసె కట్టాను. చలికాలంలో చెరువు గడ్డ కట్టాక దాని మీదకి లాక్కెళ్ళి, లోపల చిన్న పొయ్యి వెలిగించుకుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పడతాం. మా వాళ్ళలో గుడిసె లేని మగవాడికి పరువు లేదు. నా గుడిసెకి కిటికీలే అందం. పైకీ కిందికీ జరిగే కిటికీలు కాబట్టి వాటిని మోసే తాళ్ళు మార్చి, తాళ్ళకి వేలాడే బరువులు సరిచూసి, గాడులు కాస్త ఇసుక కాగితంతో రుద్ది, రెండు పూతలు నీలం రంగు వేశాను. ఏ కిటికీ అయినా వేలితో తోస్తే పైకి లేచేది, వదిలితే అక్కడే నిలబడేది. చెరువు మీద తోటి ముసలాళ్ళందరూ వచ్చి ఎత్తి దించి చూసి వెళ్ళారు. "చేపలకి దర్శనం ఇవ్వడానికా ఆర్మాండ్, ఇంత కిటికీ?" అన్నారు. నా మనసులో లెక్క ఏమిటంటే, మంచు మీద పసిపిల్లలు ఉండరు, చేపలకి చట్టాలు వర్తించవు.

చలికాలం పోయాక గుడిసెని చెరువు మీద ఉంచనివ్వరు. ఏప్రిల్ రాకముందే లాక్కొచ్చి పెరట్లో గడ్డి మీద పెట్టుకోవాలి. నేనూ పెట్టుకున్నాను. మంచు మీది వస్తువు గడ్డి మీదకి వచ్చిందని నా బుర్రకి తట్టలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం!

మా అమ్మాయి డనీస్ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వారంలో మూడు రోజులు దాని కూతురు ఎల్సీ మా దగ్గరే ఉంటుంది. ఆ ఏడు వేసవిలో దానికి రెండేళ్ళు నిండబోతున్నాయి. నడక వచ్చింది, మాట వచ్చింది, గుడిసె దాని కంట పడింది. ఇంకేముంది, అది కొట్టయిపోయింది. నేను లోపల బెంచీ మీద నిలబెడితే, నా కిటికీని వేలితో పైకి తోసి, "ఏం కాలి తాతా?" అని అడిగేది. నేను బయట నిలబడి రొట్టె కావాలి, టీ కావాలి అనేవాణ్ణి. గులకరాళ్ళు, గడ్డిపరకలు కిటికీ గట్టు మీద పెట్టేది. బేరం తెగకపోతే కిటికీ దించేసేది. మళ్ళీ ఎత్తేది. ఎండాకాలమంతా ఎత్తుడూ దించుడూ. ఆ గట్టు మీద చేతులు ఆనించి, అవే వేళ్ళు నోట్లో పెట్టుకుని, నేను టీ తాగడం అయ్యేదాకా చూస్తూ ఉండేది. నా జీవితంలో అంత సుఖపడిన వేసవి లేదు. రెండేళ్ళ పిల్ల చేతికి అంత తేలిగ్గా కదిలే కిటికీ ఈ ఊళ్ళో ఇంకెవరు చేయగలరని కోనీ దగ్గర గొప్పలు కూడా పోయాను.

సెప్టెంబరులో ఎల్సీకి రెండేళ్ళ రక్తపరీక్ష చేశారు, ఇక్కడ పిల్లలందరికీ సీసం కోసం చేసేదే. మొదటి ఏడు రెండు వచ్చిన సీసం ఇప్పుడు పద్నాలుగు వచ్చింది. ఐదు దాటితే ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్‌ని పంపుతుంది. డనీస్ ఫోన్ చేసి, "నాన్నా, పద్నాలుగంట," అంది. అది ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. ఏడవలేదు. పద్నాలుగంటే ఏమిటో క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పేవాణ్ణి కదా. మాటలు ఆలస్యం, చదువులో వెనకబాటు, కుదురు లేకపోవడం. అవన్నీ ఇప్పుడు ఎల్సీ పేరు పక్కన కనబడ్డాయి.

భయపడ్డవాడు ఊరుకుంటే బాగుండేది. నేను మాత్రం దోషిని పట్టడానికి బయల్దేరాను. డనీస్ అద్దెకుండేది మేడమ్ బూషార్ ఇంట్లో. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కింది అంతస్తులో ఉంటుంది, ఎల్సీకి మేజోళ్ళు అల్లిపెడుతుంది. ఇల్లు మాత్రం నూట పదేళ్ళనాటిది. నాకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? శనివారం చర్చి కింది హాల్లో అందరూ బీన్స్ భోజనానికి కూర్చున్నప్పుడు, చేతిలో ప్లేటుతో ఆవిడ ముందు నిలబడ్డాను.

"మేడమ్ బూషార్, మీ ఇల్లు నా మనవరాలిని తినేస్తోంది," అన్నాను. గొంతు తగ్గించాలన్న ధ్యాస కూడా లేదు.

"నా ఇల్లా? పదేళ్ళ కిందటే రంగంతా తీయించాను బాబూ."

"అందరూ అదే అంటారు. ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాను. పైన కొత్త రంగు పూసేసి తీయించాం అంటారు. అద్దె తీసుకునేటప్పుడు ఉన్న బుద్ధి రంగు తీయించేటప్పుడు ఉండదు."

హాలంతా చెంచాలు ఆగిపోయాయి. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్లేటు చూస్తూ కూర్చుంది. కోనీ నా చొక్కా పట్టుకుని లాగింది. "వచ్చి కూర్చోండి, పరువు తీస్తున్నారు," అంది. నేను మాత్రం ఎల్సీ కోసం ఊరితో పోరాడే వీరుణ్ణి అనుకుంటూ రెండో వడ్డన కూడా తిన్నాను. తన కింది నలుపు ఎరగని గురివింద గింజని నేనేనని హాల్లో ఎవరికీ తట్టకపోవడం నా అదృష్టం, తడితే ఎవరో ఒకరు అనేసేవాళ్ళు.

సోమవారం డనీస్ ఇంటికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. చూస్తే హోదాన్ వార్సమే. ఒక్క అడుగుకి నేను ఫెయిల్ చేసిన పిల్ల! మళ్ళీ రాసి, పాసై, నాలుగేళ్ళలో ఇన్‌స్పెక్టర్ అయిపోయింది. చేతిలో తుపాకీ లాంటి యంత్రం ఉంది. దాన్ని గోడకి ఆనిస్తే రంగు పొరల్లో సీసం ఎంతుందో చెబుతుంది. ఒకటి దాటితే ప్రమాదం.

"బాగున్నారా మాస్టారూ?" అంది. నిజంగానే సంతోషించింది.

డనీస్ ఇంట్లో ప్రతి తలుపూ, ప్రతి కిటికీ, వరండా, మెట్లు అన్నీ చూసింది. నేను వెనకాలే తిరుగుతూ, "ఆ మూల చూశావా? ఆ గడప? దానికింద?" అని సలహాలు ఇచ్చాను. అన్నిచోట్లా సున్నా, సున్నా పాయింట్ ఒకటి. మేడమ్ బూషార్ చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ కింద తలుపు దగ్గర నిలబడి ఉంది, నేను అటు చూడలేదు.

"పాప వారంలో ఆరు గంటలకి మించి ఇంకెక్కడైనా ఉంటుందా?" అని అడిగింది హోదాన్.

డనీస్ నా వైపు చూసింది. "మా ఇంట్లో," అన్నాను. "కానీ అక్కడ చూడక్కర్లేదమ్మా. ఆ ఇంట్లో సీసం రంగంతా తీసింది నేనే."

"మీరే కదా మాస్టారూ చెప్పింది, ఎవరిల్లైనా నమ్మొద్దు, కొలవండి అని."

కొలిచింది. ఇంట్లో ఎక్కడా లేదు. నేను వంటింట్లో ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. కోనీ హోదాన్‌కీ, ఎల్సీని ఎత్తుకుని మా వెంట వచ్చిన డనీస్‌కీ కాఫీ పోసింది. హోదాన్ కప్పు తీసుకుని వెనక కిటికీలోంచి పెరట్లోకి చూసి, "అదేమిటి, నీలం రంగుది?" అంది.

నాకు అప్పుడు తెలిసింది. ఆమె అడగగానే, యంత్రం పెట్టకముందే తెలిసింది. "అది... చేపల గుడిసె," అన్నాను. "చెరువు మీద ఉంటుంది."

"ఇప్పుడు గడ్డి మీదుంది కదా నాన్నా," అంది డనీస్.

హోదాన్ యంత్రాన్ని కిటికీ గట్టుకి ఆనించింది. ఇరవై రెండు చూపించింది. మళ్ళీ పెట్టింది. ఇరవై మూడు. తడి గుడ్డతో గట్టు తుడిచి చూపించింది. నా నీలం రంగు అడుగునుంచి, కిటికీ గాడి నుంచి రాలిన బూడిదరంగు పిండి గుడ్డంతా నిండింది. గట్టు మీద ఇంకా నాలుగు గులకరాళ్ళు వరసగా ఉన్నాయి. అవి నాకు అమ్మిన రొట్టెలు.

"ఈ కిటికీలు ఎక్కడివి మాస్టారూ?" అని అడిగింది, చాలా మెల్లగా.

చెప్పాను. ఏ ఇంటివో, ఎలా చుట్టానో, టేపు మీద ఏం రాశానో అంతా చెప్పాను. కంచే చేను మేసిందని ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. ఇరవై నిమిషాలు పాఠం చెప్పినా నేను కాదనేవాణ్ణి కాదు. నా పేరు, చిరునామా, గుడిసె ఎన్ని చదరపు అడుగులో రాసుకుని, "థెరియో అని ఇంగ్లీషులో రాస్తే చివరి రెండు అక్షరాలు పలకం కదండీ?" అని మాత్రం అడిగింది.

డనీస్ ఆమె వెళ్ళేదాకా ఆగింది.

"నువ్వు ఆవిణ్ణి చర్చిలో అందరి ముందు తిట్టావు," అంది. "పెద్దావిడ. మా పిల్లకి మేజోళ్ళు అల్లుతుంది. నువ్వు మాత్రం రోజూ నీ చేత్తో దీన్ని ఎత్తి ఆ బెంచీ మీద నిలబెట్టావు."

"డనీస్, నాకు తెలీక..."

"తెలీక అనకు నాన్నా. ఆ మాట ఊళ్ళో ఇంకెవరైనా అనొచ్చు. నువ్వు అనకూడదు."

ఎల్సీని ఎత్తుకుని వెళ్ళిపోయింది. రక్తంలో సీసం తగ్గేదాకా పిల్ల మా ఇంటి గడప తొక్కదని కోనీకి చెప్పింది, నాకు కాదు. దానికి నా మీద ఎంత కోపమొచ్చిందో, నాకు నా మీద అంతకి రెండింతలు వచ్చింది. కానీ నా కోపాన్ని పెట్టుకోవడానికి నాకో చోటు లేదు. నిందించడానికి మేడమ్ బూషార్ లాంటివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

గుడిసె నేనే విప్పాను. తెల్ల సూటు, మూతికి తొడుగు, గడ్డి మీద ఆరడుగుల దాకా ప్లాస్టిక్, చేతిలో నీళ్ళు చల్లే సీసా. పక్కింటి రేమండ్ కంచె మీద నుంచి, "ఎవరిని పూడుస్తున్నావ్ ఆర్మాండ్?" అని అరిచాడు. "నన్నే," అన్నాను. నా అందమైన కిటికీలని ఒక్కొక్కటీ తడిపి, చుట్టి, మళ్ళీ "ప్రమాదం, సీసం" అని రాశాను. గడ్డి కింద మట్టి కూడా పైపొర తీయించారు. హోదాన్ వచ్చి నిలబడి చూసింది. ఆఖరి కట్ట ట్రక్కులో పెట్టేటప్పుడు నా కాలు ప్లాస్టిక్ దాటింది. ఆమె చూసింది. నేను ఆమె చూసిందని చూశాను. ఇద్దరం ఆకాశం వైపు చూశాం.

ఆ తర్వాతి క్లాసులో కొత్తవాళ్ళు పద్దెనిమిది మంది. ఈసారి గొంతు పెంచలేదు. గుడిసె కథంతా చెప్పాను. ఒకడు నవ్వాడు, నవ్వనిచ్చాను. వెనక బెంచీలో ఒకతను చెయ్యెత్తి, "సార్, మా నాన్న కూడా ఒక తలుపు తెచ్చాడు, కోళ్ళ గూటికి," అన్నాడు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఇద్దరం కలిసి ఆ తలుపు చుట్టాం. ముప్పై ఏళ్ళ నా కేకల కంటే ఆ ఒక్క సిగ్గు ఎక్కువ పని చేసింది.

మేడమ్ బూషార్ సంగతి ఇంకా ఉంది. తిట్టింది హాల్లో కాబట్టి క్షమాపణ కూడా హాల్లోనే చెప్పాలని కోనీ తీర్పు ఇచ్చింది. శనివారం అందరూ కూర్చున్నాక లేచి నిలబడ్డాను. "పోయినసారి ఇక్కడ నేను మేడమ్ బూషార్‌ని అన్న మాటలన్నీ అబద్ధం. ఆవిడ ఇల్లు శుభ్రంగా ఉంది. సీసం నా పెరట్లో ఉంది. తెచ్చింది నేనే, పెట్టింది నేనే," అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టింది. "కూర్చో ఆర్మాండ్, బీన్స్ చల్లారిపోతున్నాయి," అంది. "మీ నాన్న కూడా ఇంతే. లోకంలో ప్రతి తలుపు గురించీ చెప్పేవాడు, సొంత షెడ్డు తలుపు మాత్రం తలకిందులుగా బిగించాడు." హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నేను కూర్చోబోతుంటే దగ్గరికి రమ్మని సైగ చేసి, "పిల్లకి గుడ్లు పెట్టమను. పాలు, పాలకూర. ఇనుము ఒంటబడితే సీసం తక్కువ పడుతుందట, డాక్టరు చెప్పాడని మీ అమ్మాయి అంది," అని చెవిలో చెప్పింది. ఆవిడ ముందు ఏడవకూడదని బీన్స్ కోసం వెళ్ళినట్టు నటించి వరస చివర నిలబడ్డాను.

చలికాలమంతా మేమే డనీస్ ఇంటికి వెళ్ళేవాళ్ళం. నేను పాలకూర పట్టుకెళ్ళేవాణ్ణి. ఎల్సీ దాన్ని నా చొక్కా మీద ఉమ్మేది. చెరువు గడ్డకట్టింది. ముసలాళ్ళు పిలిచారు, నేను వెళ్ళలేదు. ఎల్సీ రక్తపరీక్షలో డిసెంబరులో పది వచ్చింది. ఫిబ్రవరిలో ఏడు. మే నెలలో నాలుగు. ఆ నాలుగు విన్న రోజు కోనీ వంటింట్లో కుర్చీ మీద కూలబడి ముఖానికి ఏప్రన్ అడ్డం పెట్టుకుంది. డనీస్ ఆ శనివారమే ఎల్సీని మా ఇంటికి తీసుకొచ్చింది. పెరట్లో గుడిసె ఉన్నచోట కొత్త గడ్డి మొలిచింది. ఎల్సీ అటు పరిగెత్తి, కొట్టు ఏదని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెనక్కి వచ్చేసింది.

తినేముందు దాని చేతులు కడగడం ఇప్పుడు నా ఉద్యోగం. స్టూలు మీద నిలబెట్టి, సబ్బు రాసి, గోళ్ళ సందుల్లో కూడా రుద్దుతాను. దానికి చక్కిలిగిలి. ఆ రోజు కడిగాక నా చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, ఐదు," అంది.

డనీస్ వెనక నుంచి నవ్వింది. నవ్వు ఆపి నా ముఖం చూసింది. "నాన్నా, ఈ వయసులో పిల్లలందరూ నాలుగు మింగేస్తారు. నేనూ మింగేదాన్నట, అమ్మనడుగు."

"తెలుసమ్మా," అన్నాను.

నిజంగానే తెలుసు. ఆ పద్నాలుగు వల్ల ఏం పోయిందో, అసలు ఏమైనా పోయిందో ఎవరూ చెప్పలేరని డాక్టరు ముందే చెప్పాడు. ఏ యంత్రం ఆనించినా అది తెలియదు. ఇకమీదట ఆ పిల్ల ఏ మాట మర్చిపోయినా, ఏ లెక్క తప్పినా, అది పిల్లతనమో నేను బిగించిన కిటికీయో తేల్చుకోలేక చచ్చేదాకా చూస్తూనే ఉంటాను.

నా నాలుగో వేలు మాత్రం విడిగా ఎత్తి దాని ముందు పెట్టాను. "ఇదేమిటి తల్లీ?"

ఎల్సీ దాన్ని పట్టుకుని, ఇంత తెలివితక్కువ మనిషిని ఎక్కడా చూడలేదన్నట్టు నా వైపు చూసింది.

"వేలు తాతా," అంది.